అత్తయ్యగారి ఆషాఢం

జూన్ 9, సోమవారం

ఎరువుల కంపెనీ వాళ్ళు ఈయన కొట్టుకి ఇచ్చిన డైరీ ఇది. పాలు, కూరల పద్దు రాసుకుందామని తీసుకున్నాను. ఇవాళ్టి పద్దు రెండే ముక్కలు: అమలాపురానికి రానూ పోనూ ఆటో, బీపీ చూసే మిషను. మిగిలిన పేజీ అంతా ఖాళీ. ఖాళీ పేజీ చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

రెండోసారి కూడా ఆపరేషన్ చెయ్యకుండా వెనక్కి పంపేశారు. అత్తయ్యగారికి ఆకుపచ్చ చొక్కా తొడిగారు, తలకి టోపీ పెట్టారు, కంట్లో చుక్కలు వేశారు. తీరా లోపలికి తీసుకెళ్ళబోతూ బీపీ చూస్తే పైది నూట ఎనభై. పోయినసారీ అంతే. డాక్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచారు.

"శుక్లం బాగా ముదిరిపోయిందండి. ఇంకా నాన్చితే ఆపరేషన్ కష్టమవుతుంది, చూపు ఎంతవరకు వస్తుందో నేను మాటివ్వలేను. వచ్చే నెల దాటనివ్వకండి. బీపీ మందు మార్చి రాస్తున్నాను. కానీ మందు ఒక్కటీ చాలదు. ఆవిడకి నిద్ర ఉండాలి, మనసు కుదుటగా ఉండాలి."

ఆ రెండు ముక్కలూ మందుల చీటీ వెనక రాసుకున్నాను. నిద్ర. మనసు.

ఆటోలో కాలవగట్టు పొడుగునా అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. మన వీధి మలుపు తిరుగుతుంటే, "అరుగు మీద కనకరత్నం కనిపిస్తందా అమ్మా?" అని అడిగారు.

ఉన్నారు. చెంగు నోట్లో పెట్టుకుని చూస్తున్నారు. "లేరండీ" అన్నాను.

జూన్ 10, మంగళవారం

ఇవాళ్టి నుంచి ఇంటికి ఒక పద్ధతి పెట్టాను. మధ్యాహ్నం కాఫీ బంద్. పగటి నిద్ర బంద్. టీవీలో సీరియల్సు బంద్, ఎందుకంటే అందులో ఆ ఆడపడుచుని చూసి ఆవిడకి పళ్ళు పటపటలాడతాయి. ఏడింటికల్లా భోజనం, ఆ తర్వాత దీపం ఆర్పేయడం. పొద్దున, సాయంత్రం బీపీ.

అష్టాచమ్మా కూడా మానిపించేశాను. అది అన్నిటికన్నా ముఖ్యం.

అత్తయ్యగారు, పక్కింటి కనకరత్నం పిన్నిగారు ఒకే ఏడు ఈ వీధికి కాపురానికొచ్చారట. అప్పటినుంచీ ఆట. కనకరత్నంగారి అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఉంటాయి, కాయలకి విరిగిన గాజుముక్కలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, బోర్లా పడితే అష్ట. కళ్ళకి పొర కమ్మాక అత్తయ్యగారికి గవ్వ బోర్లా పడిందో వెల్లకిలా పడిందో తెలియడం లేదు. చేత్తో తడిమి చూద్దామంటే, పడిన గవ్వని ముట్టుకుంటే వేటు పోయినట్టే, అదీ వాళ్ళ నియమం. కాబట్టి ఎవరికి ఎంత పడిందో కనకరత్నంగారే చెప్పాలి. అక్కడ మొదలవుతుంది.

"రెండంటావేటే? నాలుగు పడిన చప్పుడది! దొంగదానా!"

"చప్పుడు బట్టి లెక్క కట్టడానికి అవి గవ్వలే, గజ్జెలు కాదు! జరుపు నీ కాయ!"

"నీ కళ్ళు పోనూ!"

"పోయినవి నీవే గదే!"

కాలవ అవతలికి కూడా వినిపిస్తుంది. తమాషా ఏమిటంటే చాలాసార్లు గెలిచేది అత్తయ్యగారే. గెలిచినా కూడా కనకరత్నంగారు దొంగే అంటారు.

ఇలా అరిచే మనిషికి బీపీ ఎలా తగ్గుతుంది? నెమ్మదిగా చెప్పాను, "ఆపరేషన్ అయ్యేదాకా ఆట వద్దండీ, మీ మంచికే కదా" అని.

"ఆయ్, అలాగేనమ్మా," అన్నారు. ఇంతవరకూ నా మాట కాదన్న మనిషి కాదు. ఈ విషయంలో నేను అదృష్టవంతురాలిని.

జూన్ 11, బుధవారం

పొద్దున నూట డెబ్బై రెండు. మొదటి రోజు కదా.

జూన్ 13, శుక్రవారం

పొద్దునే కాఫీ ఇస్తూ అడిగాను, "రాత్రి నిద్ర పట్టిందాండీ?"

"ఆయ్, పట్టిందమ్మా."

నిన్నా పట్టిందన్నారు. మొన్నా పట్టిందన్నారు. మరి బీపీ దిగదేం? నిద్ర పట్టిందో లేదో కనిపెట్టడానికి ఆవిడ గది తలుపు ఓరగా తీయించి, హాల్లో మంచం వేసుకుంటున్నాను. అలికిడైతే చాలు, నాకు మెలకువ వచ్చేస్తుంది. ఆవిడ గాజులు కదులుతూనే ఉంటాయి.

కాకినాడ హాస్టల్ నుంచి కీర్తి ఫోన్ చేసింది. "అమ్మా, మామ్మ సంగతి సరే, నువ్వు పడుకుంటున్నావా?" అంది. నేను పడుకోకపోవడమేమిటి? పడుకునే ఉన్నాను. మెలకువగా ఉన్నాను, అంతే.

జూన్ 16, సోమవారం

మిషను మీద అనుమానం వచ్చింది. బ్యాటరీలు మార్చాను. ఈయనకి కట్టి చూస్తే నూట ఇరవై నాలుగు. పాలు పోసే నాగేంద్రబాబుకి కట్టాను. అతను చెయ్యి చాపి, "నొప్పెడతాదాండీ?" అని కళ్ళు మూసుకున్నాడు. అతనిదీ బాగానే ఉంది. మిషన్ తప్పేం లేదు.

అత్తయ్యగారికి మాత్రం నూట డెబ్బై ఎనిమిది.

రెండుసార్లు చూస్తే చాలడం లేదేమో. రేపటినుంచి మూడుసార్లు చూడాలి.

ఈయన కొట్టుకి వెళ్తూ చెప్పుల దగ్గర నిలబడి, "ఆ మిషన్‌ని ఒక పూట బీరువాలో పెడితే ఏమవుద్దే దుర్గా?" అన్నారు. అన్నీ మధ్యలో వదిలేసే మనిషి. పద్ధతి అంటే ఏమిటో ఆయనకేం తెలుసు?

జూన్ 20, శుక్రవారం

పప్పులో ఉప్పుకి బదులు పంచదార వేశాను. ఎండలు ఇంకా తగ్గలేదు కదా, తల దిమ్ముగా ఉంటోంది. అత్తయ్యగారు మారు మాట్లాడకుండా తినేశారు. ఈయన ఒక ముద్ద తిని, "పాయసం ముందే వడ్డించేసేవేంటి?" అన్నారు. నవ్వాల్సిన మాటే. నవ్వు రాలేదు.

అత్తయ్యగారు ముద్ద సగానికి సగం తగ్గించేశారు. మధ్యాహ్నం పూట అరుగు వైపు చెవి పెట్టి కూర్చుంటున్నారు. కనకరత్నంగారు అక్కడ ఒక్కరే, గవ్వలు గలగలమని చేతిలో ఆడిస్తారు, వెయ్యరు. కావాలనే.

జూన్ 24, మంగళవారం

నూట ఎనభై రెండు. ఆవిడకి చెప్పలేదు. "బాగానే ఉందండీ" అన్నాను.

"అలాగేనమ్మా," అని, "ఆషాఢం ఎప్పుడొస్తంది?" అన్నారు.

క్యాలెండర్ చూసి చెప్పాను, ఎల్లుండి అని. మునగాకు పప్పు కోసం అడుగుతున్నారనుకున్నాను.

జూన్ 26, గురువారం

ఏమని రాయను!

పొద్దున నేను మిషను పట్టుకుని వెళ్ళేసరికి అత్తయ్యగారు స్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని, ఒక సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సంచిలో రెండు చీరలు, మందులు, తలనూనె.

"ఎక్కడికండీ?"

"ఆషాఢం వచ్చేసింది కదమ్మా. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. నెల్లాళ్ళు నేను కనకరత్నం ఇంట్లో ఉంటాను."

"అది కొత్త కోడళ్ళకండీ! నాకు పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయింది!"

"ఆచారానికి కొత్తా పాతా ఏటమ్మా? నీకు పెళ్ళైన ఏడు మీ నాన్నగారికి ఒంట్లో బాగోలేదని నిన్ను పుట్టింటికి పంపలేదు గుర్తుందా? అప్పుడే మా అత్తగారు అన్నారు, బాకీ ఉండిపోయిందీ, ఎప్పటికైనా తీర్చుకోవాలీ అని."

ఈ బాకీ సంగతి నేను ఇవాళే వింటున్నాను. ఈయన వైపు చూశాను. ఈయన పేపరు పైకెత్తి ముఖం కప్పుకున్నారు. పేపరు కదులుతోంది. నవ్వుతున్నారని తెలుస్తోంది.

కంచె అవతలనుంచి కనకరత్నంగారు అత్తయ్యగారిని పేరు పెట్టి, "ఒసే అమ్మాజీ! వర్జ్యం వచ్చేస్తంది, కదిలి రావే!" అని కేకేశారు. ఇద్దరూ ముందే అనుకున్నారన్నమాట.

అత్తయ్యగారు గోడ పట్టుకుంటూ, మెట్టు తడుముకుంటూ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, "ఏమీ అనుకోకు దుర్గమ్మా, ఆచారం మన చేతుల్లో ఉండదు," అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో!

జూన్ 27, శుక్రవారం

ఆచారం గడపకే కదా. క్యారేజీలో భోజనం తీసుకుని, చంకలో మిషన్ పెట్టుకుని వెళ్ళాను. కనకరత్నంగారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డారు.

"ఏమ్మా సత్యదుర్గా, తెలిసినదానివి, నువ్వే గడప దాటితే ఎలా?"

"బీపీ చూడాలి పిన్నిగారూ."

వాళ్ళిద్దరూ లోపల గుసగుసలాడుకున్నారు. చివరికి అత్తయ్యగారు గుమ్మం లోపల పీట వేసుకుని కూర్చున్నారు, నేను బయట అరుగు మీద. గడప మీదుగా చెయ్యి బయటికి చాపారు. నేను పట్టీ కట్టాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కొబ్బరికాయల లారీ డ్రైవరైతే ఇంజిను ఆపేసి మరీ చూశాడు.

నూట డెబ్బై ఆరు.

"చూశారా, ఇక్కడా తగ్గలేదు," అన్నాను. నా గొంతులో సంతోషం వినిపించి నాకే చిరాకేసింది.

జూన్ 30, సోమవారం

అష్టాచమ్మా మళ్ళీ మొదలైంది. దొంగదానా అంటే దొంగదానా. మందార కంచె ఇవతల బట్టలు ఆరేస్తూ అంతా విన్నాను. వద్దన్న పనే చేస్తున్నారు. ఆపరేషన్ సంగతి ఎవరికీ పట్టలేదు, నాకు తప్ప. చూపు పోతే చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది ఎవరు? కనకరత్నంగారా?

సాయంత్రం ఆవిడే కంచె మీదుగా తల ఎత్తి, "ఏఎన్ఎం పిల్ల వచ్చి చూసింది. మీ అత్తగారికి నూట ముప్ఫై ఎనిమిదంట!" అన్నారు.

సర్కారు మిషను. ఎంతమంది చేతుల్లో నలిగిందో.

జూలై 2, బుధవారం

అనుమానం ఉంచుకోకూడదు. నా మిషన్నే కనకరత్నంగారికి ఇచ్చి, పట్టీ కట్టడం నేర్పి, ఎంత వచ్చిందో చెప్పమన్నాను. పొద్దున కంచె అవతలనుంచి కేక: "నూట ముప్ఫై నాలుగు!" మధ్యాహ్నం: "నూట ముప్ఫై రెండు!"

ఆటలో దొంగలెక్కలు చెప్పే మనిషి, ఇక్కడ మాత్రం నిజం చెప్తారా?

సాయంత్రం పిల్లిలా వెళ్ళి మందార కొమ్మల సందులోంచి చూశాను. నా వయసుకి చెయ్యాల్సిన పనేనా ఇది! అరుగు మీద ఆట మంచి జోరు మీద ఉంది. అత్తయ్యగారి కాయని చంపేశారు కాబోలు, ఆవిడ కనకరత్నంగారి ఏడు తరాల మీదా దుమ్మెత్తిపోస్తున్నారు. ఎడమ చేతికి పట్టీ ఉబ్బుతోంది, కుడి చేత్తో గవ్వలు విసురుతున్నారు. అరుస్తుంటే లెక్క సరిగా రాదు కదా, అంకె ఎంత వస్తుందోనని ఊపిరి బిగబట్టాను.

మిషన్ కూసింది. అంకె నా కంటికి ఆనలేదు గానీ, కనకరత్నంగారు నేను ఉన్నానని తెలియకుండానే పైకి చదివారు. "నూట నలభై. అరిచేవు గనక ఎక్కింది. నోరు మూసుకునుంటే ఇంకా తగ్గును."

అంత గొడవలో నూట నలభై. మా ఇంట్లో పూజగదంత నిశ్శబ్దంలో నూట ఎనభై రెండు.

తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తాను. ఎవరు చూస్తారు గనక.

కనకరత్నంగారు అడిగారు, "నీ కోడలు కడితే ఎందుకే అంత ఎక్కుద్ది?"

"అది మంచిదే. నాకోసం నిద్ర మానుకుని హాల్లో పడుకుంటంది, తెలీదనుకుంటంది. అది పొర్లుతుంటే మంచం కిర్రుమంటాది. నా మూలాన దానికి నిద్ర లేదే అని నాకు నిద్ర పట్టదు. పొద్దున అడుగుద్ది, పట్టిందాండీ అని. పట్టలేదంటే బాధపడుద్దని, ఆయ్ అంటాను. ఇంక ఆ మిషన్ చప్పుడైతే చాలు, గుండె దడదడ. నంబరు చెప్పదు. దాని మొహం నాకు కనిపించదు కదా, ఊపిరి వింటాను. 'ఉమ్' అంటాది. ఎక్కువొచ్చిందన్నమాట. అయ్యో, మళ్ళీ తప్పేనే పరీక్ష, అనుకుంటాను."

"ఆ ముక్క దాంతోనే చెప్పొచ్చు కదే మొద్దుమొహమా!"

"ఎలా చెప్పనే? అది నన్ను ఒక్కనాడు పల్లెత్తు మాటనలేదు. నువ్వంటే దొంగదానివి. నిన్ను ఎంతైనా తిట్టొచ్చు."

బట్టలు తీయకుండానే లోపలికి వచ్చేశాను.

జూలై 3, గురువారం

వంకాయ కూర. చారు. అంతే.

జూలై 5, శనివారం

ఏఎన్ఎం అమ్మాయి వీధిలోకి వచ్చింది. పేరు పోలమ్మ, చిన్నపిల్లే, పెద్ద సంచీ. కంచె దగ్గర నన్ను చూసి, "ఒకసారి మీ చెయ్యి ఇవ్వండి మేడం," అంది. నాకేం, నేను బాగానే ఉన్నాను అన్నాను. కనకరత్నంగారు నా చెయ్యి పట్టుకుని ఆ పిల్ల ఒళ్ళో పెట్టారు.

నూట అరవై ఆరు.

"మీ మిషన్ పాడైందమ్మా," అన్నాను.

"పోనీ మీ మిషన్‌తో చూడమంటారాండీ?" అంది.

చూసింది. నూట అరవై ఎనిమిది. కనకరత్నంగారు 'ఉమ్' అన్నారు.

సాయంత్రం ఈయన కొట్టు మూసేసి నన్ను అమలాపురం తీసుకెళ్ళారు. పెద్ద డాక్టరుగారి దగ్గరకి అన్నారు గానీ, కళ్ళ డాక్టరమ్మగారి దగ్గరకే వెళ్దామన్నాను. అత్తయ్యగారి సంగతి కూడా చెప్పొచ్చు కదా. ఆవిడ అంతా విని, నవ్వి, కుర్చీ దగ్గరకి లాక్కుని చెప్పారు.

భయమేసినా, దిగులైనా, ఎవరినైనా నొప్పించేస్తామేమోనని బెంగపడినా, ఒంట్లో కార్టిసాల్ అని ఒక హార్మోను ఊరుతుందట. అది చెడ్డదేం కాదు. పొద్దున మనల్ని మంచం మీంచి లేపేది అదే. ఊరాలి, రాత్రికి తగ్గాలి. వయసు మీద పడ్డాక సాయంత్రం కూడా అది సరిగా తగ్గదట. తగ్గకపోతే నిద్ర రాదు. నిద్ర లేకపోతే మర్నాడు బీపీ, షుగరు ఎక్కుతాయి, మనసు చికాకుపడుతుంది. ఆ చికాకుకి అది మళ్ళీ ఊరుతుంది.

నాకు మా కాలవ లాకులు గుర్తొచ్చాయి. పొద్దున నీళ్ళు వదిలిన మనిషి సాయంత్రం తలుపు దించడం మరిచిపోయి ఇంటికెళ్ళిపోతే ఏమవుతుంది? రాత్రంతా చేలు మునుగుతాయి. అత్తయ్యగారి లాకు తలుపు దించేది కనకరత్నంగారి అరుగు. తెల్లారి మిషను పట్టుకుని మళ్ళీ పైకెత్తేది నేను.

"మరి ఆ అరుపులండీ?" అని అడిగాను.

"భయపడి నోరు మూసుకోవడం వేరండీ, నవ్వుకుంటూ అరుచుకోవడం వేరు. ఆ స్నేహితురాలిని ఆపరేషన్ రోజు తీసుకురండి. మందూ పనిచేస్తోంది, ఆ అరుగూ పనిచేస్తోంది. దేన్నీ ఆపకండి." నా చీటీ మీద కూడా ఏదో రాస్తూ, "మీ అరుగు ఎక్కడ?" అన్నారు.

ఇంటికొచ్చాక ఆ ముక్క కూడా చీటీ వెనక రాసుకున్నాను.

జూలై 8, మంగళవారం

అత్తయ్యగారికి ఎవరు చేరవేశారో చెప్పక్కర్లేదు, నా అంకె తెలిసిపోయింది. కనకరత్నంగారితో కబురు పంపారు: "నా కోడల్ని మధ్యాహ్నం అరుగు మీదకి రమ్మను. అరుగుకి గడప లేదు."

వెళ్ళాను. గళ్ళలో ఒక పక్క నాకూ గాజుముక్కలు పెట్టారు. మిషన్ అత్తయ్యగారి ఒళ్ళో ఉంది. నాకు తనే పట్టీ కట్టారు, తడిమి తడిమి, కొంచెం వంకరగా. మీట నొక్కారు. అంకె ఆవిడకి కనిపించదు. అయినా నా ముఖం వైపు తిరిగి 'ఉమ్' అన్నారు.

నవ్వు ఎక్కడనుంచి వచ్చిందో, ఆగలేదు. ఆవిడా నవ్వారు. కనకరత్నంగారు మాత్రం, "ఆట మధ్యలో ఈ సోది ఏంటి, గవ్వలెయ్యండే!" అని విసుక్కున్నారు.

అప్పుడే చెప్పేశాను. "అత్తయ్యగారూ, రాత్రి నిద్ర పట్టకపోతే పట్టలేదనే చెప్పండి. నేనేమీ అనుకోను."

"నువ్వు హాల్లో పడుకోవడం మానేస్తే చెప్తాను."

ఒప్పందం కుదిరింది. మూడు ఆటలూ నేనే ఓడిపోయాను.

జూలై 14, సోమవారం

ఇవాళ ఆపరేషన్.

ఆసుపత్రి గేటు దగ్గర అత్తయ్యగారు ఆగి, "ఆషాఢం ఇంకా అయిపోలేదు దుర్గమ్మా," అన్నారు. ఈసారి ఆచారం వెనక ఏముందో నాకు తెలుసు. నేను లోపల ఉంటే నా ఊపిరి వింటారు. "నేను ఎదురుగా కొబ్బరిబోండాల బండి దగ్గర ఉంటానండీ," అన్నాను.

ఉన్నాను. ఒక బోండం తాగాను, రెండోది చేత్తో పట్టుకుని కూర్చున్నాను. తాగాలనిపించలేదు. లోపల పట్టీ కట్టి ఉంటారు. ఇప్పుడు మీట నొక్కి ఉంటారు. మూడోసారి వెనక్కి పంపేస్తే ఇంక మాటివ్వలేనన్నారు డాక్టరమ్మగారు. ఈయన నా పక్కన నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నారు. బండి అబ్బాయి, "ఆపరేషనాండీ? ఏం కాదండీ, మా నాన్నకీ ఇక్కడే చేసేరు. ఇప్పుడు మా అమ్మకి తెల్లవెంట్రుకలు లెక్కెడతన్నాడు," అన్నాడు.

కనకరత్నంగారు గుమ్మంలోకి వచ్చారు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. రోడ్డు దాటి, నిదానంగా, ఆటోకి దారిచ్చి, నా దగ్గరకి వచ్చి చెంగు ముడి విప్పారు. అందులో గవ్వలు.

"బెంచీ మీద ఒక ఆట ఆడేం. నర్సమ్మ నోరు మూసుకోమంది. నూట ముప్ఫై ఎనిమిదంట. లోపలికి తీసుకెళ్ళేరు."

నా చేతిలో బోండం జారి కాలవలో పడింది. ఈయన ఇంకోటి కొట్టించారు. అది కనకరత్నంగారు తాగేశారు.

జూలై 16, బుధవారం

కట్టు విప్పారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కనకరత్నంగారింటి గుమ్మంలో కూర్చున్నారు అత్తయ్యగారు. నేను అరుగు మీదనుంచి చుక్కలు వేశాను. అద్దాలు పెట్టుకోకుండా ఆగి, నా ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎప్పుడు నెరిసిందే ఇక్కడంతా?" అని నా పాపిటమీద వేలు పెట్టారు. "కళ్ళకింద ఈ నలుపేంటి? నేను చూడకపోతే ఇంతేనా నువ్వు?"

ఇరవయ్యారేళ్ళలో నాతో 'నెరిసిందే' అంటూ 'ఏ' కలిపి మాట్లాడడం ఇదే మొదటిసారి. దుర్గమ్మా అంటారు, నువ్వు అంటారు గానీ, ఈ 'ఏ' ఎప్పుడూ కనకరత్నంగారి సొత్తే.

జూలై 25, శుక్రవారం

నిన్నటితో ఆషాఢం అయిపోయింది. ఇవాళ శ్రావణ శుక్రవారం, అత్తయ్యగారు సంచి చంకన పెట్టుకుని, గోడ పట్టుకోకుండా మెట్లెక్కి ఇంటికొచ్చారు. గడప దగ్గర ఆగి, "కొత్త అత్తగారొచ్చింది, హారతేది?" అన్నారు. ఈయన నిజంగానే పళ్ళెం తెచ్చారు.

మధ్యాహ్నం అరుగు మీద ఆట. కంటికి పొర లేకుండా ఇదే మొదటి ఆట, వీధిలో అందరికీ తెలుసు. అత్తయ్యగారు గవ్వలు గలగలలాడించి వేశారు. ఒకటి. మళ్ళీ వేశారు. రెండు. మళ్ళీ ఒకటి. కనకరత్నంగారి కాయలు పండిపోతున్నాయి. మొదటి ఆట పోయింది. రెండోదీ పోయింది. మూడోదాంట్లో అత్తయ్యగారు గవ్వలు వెయ్యడం ఆపేసి, అద్దాలు ముక్కు మీదకి జార్చి, కనకరత్నంగారి వైపు చూశారు.

"ఏవే. వేసవంతా నాకు రోజూ అష్టలు పడ్డాయి. ఇవాళ ఒక్కటీ పడదేం?"

"పడతాయి. పడినప్పుడు పడతాయి."

"నా కళ్ళలోకి చూసి చెప్పు. ఇప్పుడు కనిపిస్తన్నాయి."

కనకరత్నంగారు గాజుముక్కలు సర్దుతూ కూర్చున్నారు. "ఓడిన రాత్రి నిద్ర పట్టదని నువ్వే చెప్పేవు కదే," అన్నారు చివరికి. "ఒకటి పడితే రెండన్నాను. రెండు పడితే చమ్మన్నాను. నా సొమ్మేం పోయింది?"

నేను అత్తయ్యగారి వైపు చూశాను. కళ్ళు తుడుచుకుంటారేమో, కొత్త కన్ను, చెయ్యి పెట్టకూడదు, పట్టుకుందాం అనుకున్నాను. ఆవిడ అరుగు చరిచి లేచారు.

"విన్నావే దుర్గా! దొంగదని ఇన్నాళ్ళనుంచీ మొత్తుకుంటన్నాను! ఒక్కరైనా నమ్మేరా నా మాట?"

"చేసిన మేలుకి ఇదా!"

"మేలంట! నలభై ఆటలు నన్ను ఓడిపోనివ్వకుండా చేసింది! మళ్ళీ గియ్యవే గళ్ళు! మొదటినుంచీ ఆడాలి!"

గొడవ వీధి చివరిదాకా వెళ్ళింది. నేను అరుగు స్తంభానికి ఆనుకుని వింటున్నాను. కాలవలోకి కొత్త ఎర్రనీళ్ళు వచ్చాయి కాబోలు, గాలి చల్లగా తగులుతోంది. దొంగదానా, నీ కళ్ళు పోనూ, ఇప్పుడు పోవే, డబ్బు పోసి బాగు చేయించుకున్నాను...

కళ్ళు తెరిచేసరికి అరుగు మీద ఎండ తగ్గిపోయింది. నా తల కింద ఎవరో చీర మడతపెట్టి ఉంచారు. చెంపకి గాజుముక్క గుచ్చుకుని ఉంది. ఇద్దరూ గవ్వలు చప్పుడు కాకుండా చెంగులో వేసుకుని ఆడుతున్నారు.

అత్తయ్యగారు అద్దాలు పైకి జరుపుకుని నన్ను చూశారు.

"నిద్ర పట్టిందా?"

"ఆయ్, పట్టిందండీ."

ఈసారి నా మాట నమ్మారు. మొహం చూశారు కదా.